పగలు నిద్రపోయే కొడుకు, మూడు వారాలుగా మాట్లాడని తండ్రి

విశాఖపట్నంలోని కూర్మన్నపాలెం నుంచి ఒక పెద్దాయన ఏడు పేజీల ఉత్తరం రాశారు. రూళ్ళ కాగితం మీద, చేత్తో, రెండు వైపులా. పేరు వేయవద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఒకటి రెండు వివరాలు నేనే మార్చాను. సారాంశం ఇది.

ఆయనకి 64 ఏళ్ళు. వాళ్ళ నాన్నగారి పొలం స్టీల్ ప్లాంట్‌లోకి పోతే, ఆర్ కార్డు (భూమి పోగొట్టుకున్న కుటుంబాలకి ఇచ్చిన పునరావాస కార్డు) మీద 1989లో ఈయనకి అందులో ఉద్యోగం వచ్చింది. బొగ్గుని కాల్చి కోక్ తయారుచేసే కోక్ ఓవెన్స్‌లో 32 ఏళ్ళు చేసి 2021లో రిటైరయ్యారు. కింద రెండు గదులు, పైన ఒక పోర్షన్ ఉన్న సొంత ఇల్లు. అమ్మాయికి పెళ్ళయి రాజమండ్రిలో ఉంటోంది. అబ్బాయి 1996లో పుట్టాడు, బీటెక్ చదివాడు. ఒక అమెరికా కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాడు.

‘మా వాడు మంచివాడే’ అని ఉత్తరంలో మూడుచోట్ల ఉంది. మూడుచోట్లా దాని తర్వాత మాట ‘కానీ’.

కానీ పదకొండు దాకా లేవడు. తొమ్మిదింటికి టీవీలో వార్తలు పెద్దగా పెడితే దిండు చెవుల మీద పెట్టుకుంటాడు తప్ప లేవడు. ఎండాకాలంలో ‘ఆరున్నరకి డ్యూటీ’ అన్నవాడు నవంబరు నుంచి ఏడున్నర అంటున్నాడు, ఏ ఆఫీసుకైనా టైము అలా మారుతుందా అని ఆయన అనుమానం. ఐదేళ్ళలో మూడు కంపెనీలు మారాడు. సబ్బవరం దగ్గర సైటు బేరానికి వస్తే చూడ్డానికి కూడా రాలేదు, డబ్బులన్నీ మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కొంత చొప్పున సిప్‌లు కడుతున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఐదు నిమిషాలాగి ‘చెప్పు నాన్నా’ అని మెసేజ్ పెడతాడు. ‘పక్క గదిలో ఉన్న తండ్రికి మెసేజ్ పెట్టే కొడుకుని మీరెక్కడైనా చూశారా?’ అని అడిగారు.

అసలు గొడవ నెల కిందట ఒక శనివారం జరిగింది. ఈయన బావమరిది, అంటే అబ్బాయికి సొంత మేనమామ, ఒక సంబంధం విషయం మాట్లాడడానికి పొద్దున్న తొమ్మిదిన్నరకి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు. ఈయన వెళ్ళి గది తలుపు బాదారు. నాలుగోసారికి అబ్బాయి నిక్కరు మీదే బయటికొచ్చాడు. హాల్లో ఉన్నవాళ్ళని చూశాడు. ‘నాన్నా, చెప్పకుండా ఎవరినీ తీసుకురావద్దని ఎన్నిసార్లు చెప్పాను’ అని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. వచ్చినవాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఈయన వారం రోజులు కోపంగా, తర్వాత మూడు వారాలు మౌనంగా ఉన్నారు. ఇప్పుడు ఇద్దరి మధ్యా మాటలన్నీ వాళ్ళమ్మ మోస్తోంది. ఆవిడ ద్వారానే వచ్చిన తాజా కబురేమిటంటే, ఇద్దరు స్నేహితులతో కలిసి మధురవాడలో ఫ్లాట్ అద్దెకి తీసుకుంటాడట.

‘సంక్రాంతి నుంచి పై పోర్షన్ ఖాళీగా ఉంది. సొంతిల్లు పెట్టుకుని కొడుకు అద్దెకి పోతే నలుగురూ ఏమనుకుంటారు? మా పెంపకంలో ఎక్కడ తప్పు జరిగింది? వెళ్ళనివ్వాలా, ఆపాలా? పెళ్ళి చేసేస్తే దారిలోకి వస్తాడంటున్నారు, నిజమేనా?’ ఇవీ ఆయన ప్రశ్నలు.

ఆఖరి పేజీలో ఇంకో పేరా ఉంది. వాళ్ళావిడ గురించి. ‘నేను సి షిఫ్ట్ చేసి పొద్దున్నే వచ్చి పడుకుంటే, మా ఆవిడ మధ్యాహ్నం దాకా మిక్సీ కూడా వేసేది కాదు. పెరట్లో రోట్లో పచ్చడి నూరుకునేది. పిల్లల్ని పక్కింటికి పంపేసేది. అలాంటి ఇల్లాలి కడుపున పుట్టినవాడు ఇలా తయారయ్యాడు.’

*

అన్నయ్యగారూ,

ఉత్తరమంతా చదివి, ఆ రోలు దగ్గర ఆగిపోయాను.

సి షిఫ్ట్ అంటే రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు. మీరు ఎన్ని వందల రాత్రులు చేసి ఉంటారో లెక్కేయలేను. కోక్ ఓవెన్ల సెగ దగ్గర నిలబడి వచ్చిన మనిషి, తెల్లారాక వీధి వీధంతా నిద్ర లేచి చప్పుడు చేస్తుంటే, తలుపేసుకుని పడుకోవాలంటే ఇంట్లో ఎంతమంది సహకరించాలో మీకు బాగా తెలుసు. మీ ఆవిడ సహకరించారు. అది మీకు ముప్ఫై ఏళ్ళు గుర్తుంది. దాన్ని మీరు ప్రేమ అని రాయలేదు కానీ నేను అలాగే చదువుకున్నాను.

ఇప్పుడు మీ అబ్బాయి చేస్తున్నది కూడా సి షిఫ్టే. సాయంత్రం ఏడున్నరకి మొదలుపెడితే తెల్లవారుజామున నాలుగున్నరకి దిగుతాడు. మీరు లేచి వాకింగ్‌కి చెప్పులు వేసుకునే టైముకి ఆయన డ్యూటీ దిగుతున్నాడన్నమాట. తేడా ఏమిటంటే, మీరు వెళ్ళడం అందరూ చూసేవారు. హెల్మెట్, బూట్లు, స్కూటర్ స్టార్ట్ చేసిన చప్పుడు, తిరిగొచ్చాక బట్టల నిండా మసి, పొగ వాసన. నాలుగేళ్ళ పిల్లకి కూడా ‘నాన్న కష్టపడి వచ్చాడు’ అని అర్థమవుతుంది. మీ అబ్బాయి ఎక్కడికీ వెళ్ళడు, ఎక్కడి నుంచీ రాడు. రాత్రి కుర్చీలో కూర్చున్నవాడు పొద్దున్న మంచం మీద కనిపిస్తాడు. మీకు ఆ పని కనబడదు, నిద్ర ఒక్కటే కనబడుతుంది. తొమ్మిదింటికి టీవీ పెడితే ఆయనకి నాలుగు గంటల నిద్ర కూడా పూర్తవదు. మీరు సి షిఫ్ట్ దిగిన రోజుల్లో అయితే అది పదిన్నర ప్రాంతం. ఆ వేళకి మీ చెవి దగ్గర ఎవరైనా వార్తలు పెట్టి ఉంటే మీరేమనేవారో నాకు రాయక్కర్లేదు.

ఆ ఆరున్నర, ఏడున్నర సంగతి కూడా తేల్చేద్దాం, పాపం ఆ అబ్బాయి మీద ఉత్తి పుణ్యానికి అబద్ధాలకోరు అన్న ముద్ర పడింది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఏటా మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ గంట వెనక్కి తిప్పుతారు. మనం తిప్పం. అందుకని న్యూయార్క్ వైపు పొద్దున్న తొమ్మిదికి తెరిచే ఆఫీసు, మనకి ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర అవుతుంది, చలికాలంలో ఏడున్నర అవుతుంది. మీ అబ్బాయి రెండుసార్లూ నిజమే చెప్పాడు.

మీరు రాసిన ఇంకో ముక్క నన్ను నవ్వించింది. మీకు ఉద్యోగం వచ్చిన కొత్తల్లో మీ నాన్నగారు, ‘పగలంతా తొంగుని రాత్రి పన్లోకెళ్ళడమేట్రా, దొంగోడి నాగ!’ అన్నారట. ఆయన రైతు. సూర్యుడితో లేచి సూర్యుడితో పడుకున్న మనిషి. ఆయన పొలం పోయిన చోటే మీరు జీతం తెచ్చుకున్నారు, అయినా మీ పని పని లాగా ఆయనకి అనిపించలేదు. మీకు అప్పుడు ఎంత కష్టమనిపించిందో రెండు లైన్లు రాశారు కూడా. ఆ రెండు లైన్లూ ఇంకోసారి చదువుకోండి. అలాగని మీరు చెడ్డ తండ్రి అయిపోలేదు, మీ నాన్నగారు కూడా చెడ్డవారు కారు. ఆయనకి తెలిసిన కష్టం వేరు, అంతే.

ఈ మధ్య ఎక్కడ చూసినా మిలీనియల్స్ అనీ జెన్ జీ అనీ తెగ రాస్తున్నారు. అమెరికాలో ప్యూ అనే పరిశోధనా సంస్థ వేసిన లెక్కలో 1981 నుంచి 1996 దాకా పుట్టినవాళ్ళు మిలీనియల్స్, 1997 నుంచి జెన్ జీ. ఆ లెక్కన మీ అబ్బాయి 1996 డిసెంబరులో పుడితే ఒక తరం, నెల ఆగి పుడితే ఇంకో తరం. కూర్మన్నపాలెంలో ఒక ఇంటి గొడవ తీర్చడానికి ఇది పనికిరాదు. పేర్లు పక్కన పెట్టి, ఎవరు ఇరవై ఏళ్ళ వయసులో ఏం చూశారో అడిగితే కొంత తెలుస్తుంది. దాదాపు వందేళ్ళ కిందట మాన్‌హైమ్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త కూడా ఇంచుమించు ఇదే చెప్పాడు. ఒకే ఏడు పుట్టినంత మాత్రాన ఒక తరం కారు, వయసులో ఉండగా ఒకే అనుభవంలో నలిగినవాళ్ళు ఒక తరం అవుతారని.

మీరు ఏం చూశారు? ఫ్యాక్టరీ కోసం 1966లో ఊరు ఊరంతా రోడ్డెక్కిన కథలు వింటూ పెరిగారు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, పూర్తయిన ప్లాంటుని 1992లో పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఇరవై ఏళ్ళకి పైగా ఎదురుచూసిన ఉద్యోగం అది. వచ్చాక అందులోనే ఉండడం మీకు పరువు, భద్రత, కృతజ్ఞత, మూడూ కలిసిన సంగతి. ఉద్యోగం మానేయడం అన్న మాట మీ చెవికి కాపురం వదిలేయడంలా వినపడుతుంది.

మీ అబ్బాయి ఇరవై నాలుగో ఏట ఉండగా కోవిడ్ వచ్చింది. మొదటి కంపెనీ అప్పుడే మనుషుల్ని తీసేసింది, ఇది మీరే రాశారు. మరుసటి ఏడు జనవరిలో స్టీల్ ప్లాంట్‌లో వందశాతం వాటా అమ్మేస్తామని కేంద్రం ప్రకటించింది. మీరు రిటైరయ్యే ఏడాదే. మీ జంక్షన్‌లోనే నిరసన శిబిరం వేశారు, మీరూ వెళ్ళి కూర్చున్నారు. ఆ రోజుల్లో ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మీరు మాట్లాడిన మాటలు ఎవరు విన్నారనుకుంటున్నారు? పర్మినెంట్ అనేది కూడా పర్మినెంట్ కాదని ఆ పిల్లాడు నేర్చుకున్నది కొంత మీ భోజనాల బల్ల దగ్గరే. అందుకని ఒక్క కంపెనీని నమ్ముకోకుండా, చేతిలో పని నమ్ముకుని తిరుగుతున్నాడు. అది తెలివైన పనా కాదా అన్నది వేరే చర్చ. ఐదేళ్ళలో మూడు మారడం ఆ రంగంలో వింతేమీ కాదు. ఏడాదికొకటి మారుతుంటే మాత్రం నేను కూడా అడిగి ఉండేదాన్ని, ఏం నాయనా అని.

డబ్బు సంగతి కూడా అంతే. మీరు కిసాన్ వికాస్ పత్రాలు కొన్నానని రాశారు. 1988లో అవి మొదలైనప్పుడు ఐదున్నరేళ్ళలో డబ్బు రెట్టింపయ్యేది. ఇప్పుడు అదే పత్రానికి 115 నెలలు, అంటే తొమ్మిదేళ్ళ ఏడు నెలలు పడుతోంది. అప్పట్లో పీపీఎఫ్‌కి 12 శాతం వడ్డీ, ఇప్పుడు 7.1. మీ తరానికి దాచుకోవడం ఒక్కటే వస్తే చాలు, మిగతాది వడ్డీ చూసుకునేది. వాళ్ళకి ఆ వడ్డీ లేదు. సిప్‌లలో లాభం గ్యారంటీ ఏమీ కాదు, మార్కెట్ పడితే ఏడుపే. సైటులో కూడా దస్తావేజులు సరిగ్గా లేకపోతే ఏమవుతుందో విశాఖ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఒకటి మాత్రం గమనించండి. అబ్బాయి డబ్బు తగలేయడం లేదు, నెలనెలా దాస్తున్నాడు. మీరు నేర్పిందే చేస్తున్నాడు, డబ్బా మారింది.

ఇక తలుపు. మా చిన్నప్పుడు మా ఇంట్లోనూ గదులకి తలుపులుండేవి కానీ పగలు వేసిన జ్ఞాపకం లేదు. పరదా ఉండేది. పగలు తలుపేసుకున్నారంటే ఒంట్లో బాగోలేదనో, అలిగారనో అర్థం. మీకూ అదే అర్థం తెలుసు. మీ అబ్బాయికి తలుపంటే ఆఫీసు గేటు. మీరు ప్లాంటు గేటు లోపల ఉన్నప్పుడు మీ ఆవిడ వచ్చి ‘ఏవండీ, మా అన్నయ్య వచ్చాడు’ అని కేకేయలేదుగా? ఫోన్ కూడా అలాంటిదే. మనకి ఫోన్ అంటే ముందు పక్కింటి పీపీ నంబరు. మోగిందంటే ఎవరికో ఏదో అయిందని. మోగాక ఎత్తకపోవడం అంటే మనిషిని లెక్కచేయకపోవడమే మనకి. వాళ్ళు మీటింగ్ మధ్యలో ఉండి కూడా ఐదు నిమిషాల్లో ‘చెప్పు నాన్నా’ అని పెట్టారంటే, అది వాళ్ళ లెక్కలో పరిగెత్తుకుని రావడం కింద లెక్క. (నాకు ఇంత జ్ఞానం ఉంది కదా అనుకోకండి. మా అమ్మాయి ఫోన్ ఎత్తకపోతే నేను కూడా వరసగా నాలుగుసార్లు కొడతాను. ఐదోసారికి గుర్తొస్తుంది.)

అబ్బాయి తప్పేమీ లేదనడం లేదు నేను. ఆయన రాసి ఉంటే ఆయనకీ రెండు అక్షింతలు పడేవి. మేనమామ ముందు, బయటివాళ్ళ ముందు, తండ్రిని ఆ మాట అనడం తప్పు. ఎంత నిద్రమత్తులో ఉన్నా, ‘మావయ్యా, రాత్రంతా డ్యూటీ, మధ్యాహ్నం మాట్లాడదాం’ అని రెండు ముక్కలు చెప్పి లోపలికి వెళ్ళొచ్చు. అర నిమిషం పని. ఇన్నేళ్ళుగా తాను చేసే ఉద్యోగం ఏమిటో కూర్చుని తండ్రికి చెప్పకపోవడం కూడా తప్పే. ‘నీకు అర్థం కాదులే నాన్నా’ అని ఒకసారి అన్నాడని రాశారు. కోక్ ఓవెన్ ఎలా పనిచేస్తుందో తెలిసిన మనిషికి కంప్యూటర్ పని అర్థం కాదనడం నాకూ ఒళ్ళు మండించింది.

కానీ మూడు వారాల మౌనం ఎవరికి శిక్ష అవుతోందో చూడండి. ఇంట్లో ఎ, బి, సి, మూడు షిఫ్టులూ ఇప్పుడు మీ ఆవిడే చేస్తున్నారు. నాలుగున్నరకి మీకు కాఫీ, పదకొండుకి ఆయనకి టిఫిను, పన్నెండున్నరకి మీకు భోజనం, రెండింటికి ఆయనకి, రాత్రి ఎనిమిదికి మీకు, తొమ్మిదిన్నరకి ఆయన గదిలోకి పళ్ళెం. మధ్యలో ‘నాన్న ఇలా అన్నారు’, ‘వాడు ఇలా అన్నాడు’ అని ఇటు మాటలు అటు, అటు మాటలు ఇటు. ఏడు పేజీల్లో ఆవిడ ఏమనుకుంటున్నారో ఎక్కడా లేదు. ముందుగా ఆ పోస్టుమాన్ ఉద్యోగం నుంచి ఆవిడకి సెలవిప్పించండి. మీకు కావలసింది మీరే అడగండి, ఆయనకి కావలసింది ఆయనే చెప్పాలి.

మీ దినచర్య, ఆయన దినచర్య, రెండూ మీరే రాశారు కాబట్టి నేను కాగితం మీద పక్కపక్కన వేసి చూశాను. మీరు నాలుగున్నరకి లేస్తారు, ఒంటిగంట నుంచి మూడున్నర దాకా కునుకు, ఐదింటికి జంక్షన్‌లో స్నేహితులు, తొమ్మిదిన్నరకి నిద్ర. ఆయన పదకొండుకి లేస్తాడు, ఏడున్నరకి డ్యూటీ. ఇద్దరూ మెలకువగా, ఖాళీగా, ఇంట్లో ఉండేది పదకొండు నుంచి ఒంటిగంట, మళ్ళీ మూడున్నర నుంచి ఐదు. అందులో మొదటి గంట ఆయనకి ఇంకా మత్తు దిగదు, సి షిఫ్ట్ పడుకుని లేచిన మనిషి సంగతి మీకు తెలుసు. మిగిలేది రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటల్లోనే సైటు, సంబంధం, ఉద్యోగం, జుట్టు, అన్నీ మాట్లాడాలని చూస్తున్నారు మీరు.

చివరిసారి తీరుబడిగా మాట్లాడుకున్నది హుద్‌హుద్ తుఫాను అప్పుడే అని రాశారు చూశారా, 2014 అక్టోబరులో, కరెంటు లేక, ఫోన్లు పనిచేయక, ఇద్దరూ వరండాలో కొవ్వొత్తి దగ్గర కూర్చుని, మీరు ప్లాంటు కబుర్లు చెబుతుంటే వాడు అర్ధరాత్రి దాకా విన్నాడని. అప్పటి కొడుకు, ఇప్పటి కొడుకు ఒకడే. ఆ రాత్రి మీ ఇద్దరిదీ ఒకే షిఫ్ట్, అంతే.

మీరు అడిగినవాటికి వస్తాను.

పెళ్ళి చేస్తే దారిలోకి వస్తాడా అన్నారు. ఈ ఒక్కదానికి మాత్రం గట్టిగా చెబుతాను, ఈ గొడవకి మందుగా పెళ్ళి చేయకండి. తండ్రీకొడుకులు మాట్లాడుకోని ఇంటికి ఇంకొకరి పిల్లని తీసుకొస్తే, మీ ఆవిడ మోస్తున్న మాటల సంచీ ఆ పిల్ల భుజానికి మారుతుంది. పైగా పదకొండు దాకా పడుకునే కొడుకు మీద ఉన్న కోపం, పదకొండు దాకా పడుకునే మొగుడిని లేపని కోడలి మీదకి మళ్ళుతుంది. సంబంధాలు చూడండి, తప్పేం లేదు. అబ్బాయిని ముందు అడిగి చూడండి.

మధురవాడకి వెళ్ళనిస్తే ఏమవుతుంది? ముందు ఖర్చు అవుతుంది, అది ఆయన భరిస్తాడు. నలుగురూ నాలుగు రోజులు అనుకుంటారు, ఐదో రోజు ఇంకొకరి ఇంటి కబురు దొరుకుతుంది. నగరానికి ఈ కొస మీరు, ఆ కొస ఆయన. రోజూ చూసుకోవడం ఉండదు. దూరం వల్ల కొన్ని ఇళ్ళలో మంచే జరుగుతుంది, నేను చూశాను. ఆదివారం వచ్చిన కొడుకు ఎన్నింటికి లేచాడో ఎవరూ అడగరు. వండుకోవడం, బట్టలు ఉతుక్కోవడం వస్తుంది, దానికి రేపు ఆయన భార్య మీకు దణ్ణం పెడుతుంది. అయితే గొడవ తోకతో వెళ్ళకూడదు. మాటలు లేని ఇంట్లోంచి సూట్‌కేసుతో వెళ్ళినవాడికి తిరిగి రావడానికి ఒక సాకు కావాలి, ప్రతిసారీ అది దొరకదు. వెళ్ళేట్టయితే మీరే వెంట వెళ్ళి గ్యాస్ స్టవ్ బిగించి రండి. గది తాళంచెవి ఒకటి ఇంట్లో మేకుకే ఉంచండి.

పై పోర్షన్ ఇవ్వడం రెండో దారి. మీకు ఇది నచ్చుతుందని తెలుసు, అందుకే జాగ్రత్తగా చెబుతున్నాను. మెట్లు బయట నుంచి ఉన్నాయన్నారు, అది మంచిదే. కరెంటు బిల్లు, ఇంటర్నెట్ ఆయనే కట్టుకోవాలి. అద్దె అడగమని నేననను, మన ఇళ్ళలో ఆ మాట అంటే మళ్ళీ ఏడు పేజీలు అవుతుంది. కానీ పైకి పంపేసి, పది గంటలకి ‘ఏం చేస్తున్నాడో చూసొస్తా’ అని మీరు మెట్లెక్కితే, అదే గొడవ ఇంకో అంతస్తులో జరుగుతుంది. మీరు మెట్లెక్కకుండా ఉండగలరా? నిజాయితీగా ఆలోచించుకోండి. ఉండలేననుకుంటే మధురవాడే నయం. ఇంకోటి, ఆయన స్నేహితులతో ఉండాలనుకుంటున్నాడేమో, అప్పుడు పై పోర్షన్ బేరం ఆయనకి సంకెలలా అనిపిస్తుంది. అడగండి, కాదంటే లాగవద్దు.

మూడోది, ఎక్కడివాళ్ళు అక్కడే ఉండి ఇంట్లో షిఫ్ట్ పద్ధతి పెట్టుకోవడం. మీకు కొత్త కాదు కాబట్టి నాకు దీని మీదే ఆశ ఎక్కువ. పదకొండు దాకా ఆ గది వైపు చప్పుడు లేదు. చుట్టాలు పన్నెండు తర్వాత. అర్జెంటు అయితే రెండుసార్లు వరసగా ఫోన్, ఆయన ఏ మీటింగ్‌లో ఉన్నా ఎత్తాలి. అర్జెంటు కానిది మెసేజ్. బదులుగా ఆయన రోజూ నాలుగింటికి మీతో వరండాలో టీ తాగాలి, ఫోన్ లోపల పెట్టి. మొదటి పది రోజులు ఇద్దరూ గోడ మీది బల్లిని చూస్తూ కూర్చుంటారు, ఫరవాలేదు. సైటు గురించి మాత్రం ఎత్తకండి. ఆయన పని ఏమిటో అడగండి. ఏ కంపెనీ, పైన ఎవరు, ఏదైనా ఆగిపోతే ఎవరిని లేపుతారు, రాత్రి రెండింటికి నిద్ర వస్తే ఏం చేస్తాడు. ఆ చివరి ప్రశ్న అడగడానికి కూర్మన్నపాలెంలో మీకున్నంత అర్హత ఎవరికీ లేదు. ఈ పద్ధతి కుదరడానికి నెల పడుతుంది, మధ్యలో రెండుసార్లు చెడుతుంది. ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా, వెళ్ళిపోవాలని గట్టిగా అనుకుని ఉంటే ఇది ఆలస్యమైన మాటే. అప్పుడు మొదటిదే.

పెంపకంలో తప్పు అన్నారు. రాత్రంతా పని చేస్తున్నాడు, డబ్బు దాస్తున్నాడు, అలిగినా అమ్మ చేతి అన్నం తింటున్నాడు. తప్పెక్కడుందో నాకు దొరకలేదు.

ముందు ఎవరు మాట్లాడాలి అన్నది మీరు అడగలేదు కానీ ఉత్తరం నిండా అదే ఉంది. చిన్నవాడు, వాడే రావాలి. రావాలి, నిజమే. మూడు వారాలుగా రాలేదు కదా. మిమ్మల్ని క్షమాపణ చెప్పమనను, మీ నోటికి అది రాదు, వచ్చినా ఆయన కంగారుపడతాడు. రేపు నాలుగింటికి, టీ ఆయన గదిలోకి మీ ఆవిడ కాకుండా మీరు తీసుకెళ్ళండి. తాత అన్న ఆ దొంగోడి మాట చెప్పండి. మీకు అప్పుడు ఎలా అనిపించిందో అది కూడా. తర్వాత, ‘నేను పడుకుంటే మీ అమ్మ మిక్సీ వేసేది కాదురా, నేనేమో నీకు టీవీ పెట్టాను’ అనండి. అంతవరకే. ఆయన ‘ఊ’ అని ఊరుకుంటే కప్పు తీసుకుని వచ్చేయండి, వెంటనే ఏదో జరగాలని చూడకండి. ఆ రాత్రి ఫోన్‌లో బొటనవేలు బొమ్మ ఒకటి రావచ్చు. దాన్ని వెక్కిరింత అనుకోవద్దు.

మీ బావమరిదిగారికి మాత్రం ఈ వారమే ఫోన్ చేయండి. అబ్బాయి నైట్ డ్యూటీలో ఉంటాడని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేరు. ఈసారి పన్నెండు దాటాక రమ్మనండి, భోజనానికి.